ఫీల్డ్ స్కూల్‌లో తవ్వడంతో పాటు చెప్పడం, అడగడం ఎలా నేర్చుకోవాలి

పురావస్తు ఫీల్డ్ స్కూల్‌లో, అంటే తవ్వకం జరిగే చోటే పని నేర్పే శిబిరంలో, చోటు దొరికిన విద్యార్థులు ఎక్కువగా మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎలాంటి తాపీ కొనుక్కోవాలి, ఎలాంటి బూట్లు కావాలి, రోజంతా ఎండలో ఉండగలమా అని. తాపీ నాలుగంగుళాలది తీసుకోండి. అతుకు లేకుండా ఒకే ఇనుప ముక్కతో చేసినదై ఉండాలి, లేకపోతే వారం తిరక్కుండానే పిడి ఊడి చేతికొస్తుంది. బూట్లు చీలమండ దాకా కప్పాలి. ఎండ నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది, టోపీ, నీళ్లు మాత్రం మర్చిపోకండి.

ఆ నాలుగైదు వారాల్లో తవ్వడం మీకు ఎలాగూ వస్తుంది. దాంతోపాటు ఇంకో రెండు పనులు నేర్చుకునే అవకాశం అక్కడే ఉంటుంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. ఒకటి, చూడటానికి వచ్చినవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం. రెండోది, నీరు, నేల, అడవి, పంటల గురించి ఈ కాలానికి పనికొచ్చే ప్రశ్నను ఆ మట్టిని అడగడం. ఈ రెండింటికీ పునాది ఒకటే. "ఇది మీకెలా తెలుసు?" అని ఎవరడిగినా, ఇదిగో దీన్ని బట్టి అని వేలు పెట్టి చూపించగలగాలి.

ఈ మాట నేను కాస్త బాధపడే నేర్చుకున్నాను. విద్యార్థిగా ఉన్నప్పుడు మూడో వారంలో నా ట్రెంచ్ (తవ్వకపు కందకం) మూల గుండ్రటి నల్లమచ్చ కనిపించింది. అంచు చుట్టూ మట్టి ఎర్రగా కాలి ఉంది. సరిగ్గా అప్పుడే ఒకాయన తన కూతురితో చూడటానికి వచ్చారు. పాపకు పదేళ్లుంటాయి. "ఇది పొయ్యి, ఇక్కడే వండుకున్నారు" అని ఉత్సాహంగా చెప్పేశాను. "మీకెలా తెలుసు?" అంది పాప. "నల్లగా ఉంది కదా" అన్నాను. మర్నాడు ఆ మచ్చను సగానికి కోసి చూస్తే, నలుపు వంకర తిరుగుతూ, సన్నబడుతూ కిందికి దిగిపోయింది. అది కాలిపోయిన చెట్టు వేరు. పాప అప్పటికే వెళ్లిపోయింది. తను ఆ పొయ్యి కథను ఇంకెంతమందికి చెప్పి ఉంటుందో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

చేరేముందు అడగాల్సినవి

ఫీల్డ్ స్కూల్ అంటే కొత్త ఆలోచనేమీ కాదు. 1944లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తక్షశిలలో నడిపిన శిక్షణ శిబిరం నుంచి బి.బి. లాల్, బి.కె. థాపర్ లాంటి పేరున్న పురావస్తు శాస్త్రవేత్తలు వచ్చారు. జనానికి చూపించడం కూడా కొత్త కాదు. అంతకు పదేళ్ల ముందు, 1934 నుంచి 1937 దాకా, ఇంగ్లండ్‌లోని మెయిడెన్ కాజిల్ అనే పాత కొండకోటలో వీలర్, ఆయన భార్య టెస్సా (1936లో ఆమె చనిపోయేదాకా) తవ్వకాలు జరిపినప్పుడు సందర్శకులను రానిచ్చి, తిప్పి చూపించి, పోస్ట్‌కార్డులు కూడా అమ్మారు. జనం వస్తే పని పాడవుతుందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఏర్పాటు సరిగ్గా ఉంటే పాడవదు.

అందుకే చేరేముందు నిర్వాహకులకు ఉత్తరం రాసి ఇవి కనుక్కోండి. తవ్వకానికి అనుమతి ఎవరి పేరు మీద ఉంది? ఈసారి తవ్వకం ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతోంది? ఒక పర్యవేక్షకుడి కింద ఎంతమంది విద్యార్థులుంటారు? తవ్వడమే కాకుండా కడగడం, నమోదు, ప్రయోగశాల పని కూడా నేర్పుతారా? దొరికిన వస్తువులు చివరికి ఎక్కడ భద్రపరుస్తారు? ఆ నేల మీద, చుట్టుపక్కల బతుకుతున్నవాళ్లకు ఈ పనిలో భాగం ఉందా? అమెరికాలో వృత్తి పురావస్తు శాస్త్రవేత్తల రిజిస్టర్ అనే సంస్థ ఫీల్డ్ స్కూళ్లను పరిశీలించి ధ్రువీకరిస్తుంది. అలాంటి ముద్ర ఉంటే కొంత భరోసా. లేకపోయినా ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబిస్తే చాలు. ముఖ్యంగా "ఏం దొరుకుతుందో చూద్దాం" తప్ప వేరే పరిశోధన ప్రశ్న లేని చోటికి వెళ్లకండి. తవ్విన చోటును మళ్లీ తవ్వలేం. ప్రశ్న లేకుండా తవ్వితే అదంతా వృథా.

మొదటి వారం: నోట్‌బుక్

మీ నోట్‌బుక్‌లో ప్రతి పేజీనీ మొదటి రోజే మూడు నిలువు భాగాలు చేయండి. మొదటి భాగంలో చూసింది, రెండో భాగంలో అనుకున్నది, మూడో భాగంలో "ఏం కనిపిస్తే ఇది తప్పని తేలుతుంది" అన్నది రాయండి. స్కూల్ ఇచ్చే నమోదు ఫారాలు ఎలాగూ నింపుతారు. ఇది మాత్రం మీ సొంతానికి.

నా నల్లమచ్చనే తీసుకోండి. చూసింది: 40 సెంటీమీటర్ల వెడల్పున్న నల్లమట్టి, అంచున ఎర్రగా కాలిన మట్టి, లోపల బొగ్గు నలకలు. అనుకున్నది: పొయ్యి. తప్పని తేల్చేది: అడుగు చదునుగా లేకుండా కొమ్మలు కొమ్మలుగా కిందికి దిగితే వేరు. మూడో భాగం నింపి ఉంటే పాపకు "పొయ్యి కావచ్చు, రేపు సగం కోసి చూస్తే తెలుస్తుంది" అని చెప్పేవాణ్ని. అదే నిజమైన జవాబు. పైగా పదేళ్ల పిల్లకు ఆ జవాబే ఎక్కువ నచ్చేది, రేపు ఏమవుతుందోనన్న ఆత్రం అందులో ఉంది కాబట్టి.

గుంట గానీ, మచ్చ గానీ కనిపిస్తే మొత్తం ఒకేసారి తవ్వేయకండి. మధ్యలో దారం కట్టి ఒక సగమే తీయండి. మిగిలిన సగం గోడలా నిలబడి పొరలన్నీ చూపిస్తుంది. దాన్ని గీయండి, ఫొటో తీయండి, ఆ తర్వాతే రెండో సగం. మట్టి రంగును మన్సెల్ చార్టుతో (రంగుల నమూనాల పుస్తకం) పోల్చేటప్పుడు మట్టిని కాస్త తడపండి, నీడలో కాకుండా వెలుతురులో చూడండి. ఇద్దరు చూసి విడివిడిగా రాసుకుంటే ఇంకా మంచిది. ఇద్దరికీ వేర్వేరు రంగులు కనిపించాయంటే ఎవరో ఒకరు తొందరపడినట్టే.

మట్టిని ఏమని అడగాలి

సుస్థిరత, అంటే నీరు, నేల, అడవి తరిగిపోకుండా బతకడం, అనగానే విద్యార్థులు పెద్ద మాటలతో మొదలుపెడతారు. "వాతావరణ మార్పు వల్ల నాగరికత ఎలా కూలింది" లాంటివి. ఒక ట్రెంచ్, ఒక సీజన్ దీనికి జవాబివ్వలేవు. చిన్న ప్రశ్న వేసుకోండి. ఉదాహరణకు: ఇక్కడివాళ్లు ఏ కట్టెలు కాల్చారు? కింది పొరకు, పై పొరకు అందులో తేడా ఉందా?

ఇది చిన్నగా కనిపిస్తుంది గానీ ఇందులో ఒక అడవి చరిత్రంతా ఉంది. మొదట ప్రతి పొర నుంచీ మట్టి నమూనా తీయాలి, ఒక్కోదానికి పది నుంచి నలభై లీటర్లు. నల్లగా, ఆసక్తిగా కనిపించిన చోటు నుంచే తీయకండి. ఏమీ లేనట్టుండే పొర నుంచి కూడా తీయాలి, పోల్చి చూడటానికి అదే ఆధారం. తర్వాత మట్టిని నీళ్లలోకి నెమ్మదిగా వదిలి చేత్తో కలపండి. బురద అడుగుకు దిగుతుంది, కాసేపటికి నల్లటి నలకలు పైకి తేలతాయి. ఆ నీటిని పావు మిల్లీమీటరు కన్నాల వల మీదికి వంచితే బొగ్గు ముక్కలు, మాడిన గింజలు, పొట్టు మిగులుతాయి. నీడలోనే ఆరబెట్టండి. ఎండలో పెడితే గభాలున ఆరి పగిలిపోతాయి.

బొగ్గు ముక్కను విరిచి సూక్ష్మదర్శిని కింద పెడితే చెట్టు వలయాలు కనిపిస్తాయి. వలయం బాగా వంపు తిరిగి ఉంటే అది సన్నటి పుల్ల, దాదాపు వంపు లేకుండా తిన్నగా ఉంటే లావు మొద్దు. కింది పొరల్లో మొద్దులుండి, పైకి వచ్చేకొద్దీ పుల్లలే మిగిలాయనుకుందాం. అడవి తరిగిపోయిందా? తొందరపడకండి. ఆ చోట చేసే పనే మారి ఉండొచ్చు, కుండల బట్టీకి ఒక రకం కట్టె, వంటకు ఇంకో రకం కావాలి. అందుకే ఒకే పొయ్యిని నమ్ముకోకుండా వేర్వేరు చోట్ల నుంచి నమూనాలు కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. గింజ మాడితేనే నిలుస్తుంది, మాడనిది మామూలు నేలలో కుళ్లిపోతుంది. కాబట్టి మనకు దొరికేది తిన్నదంతా కాదు, నిప్పు దగ్గరికి చేరినది మాత్రమే. తేదీ కోసం కార్బన్ 14 పరీక్షకు పంపేటప్పుడు మొద్దు కంటే గింజను ఎంచుకోండి. గింజ ఒక్క ఏడాదిది. మొద్దు నడిమి భాగం కాల్చిన రోజుకే వందేళ్ల పాతదై ఉండొచ్చు.

చేసి చూడటం కూడా పరిశోధనే. ఇంగ్లండ్‌లో 1972లో మొదలైన బట్సర్ ప్రాచీన వ్యవసాయ క్షేత్రంలో పీటర్ రేనాల్డ్స్ ఇనుప యుగం గుంటల్లాంటివే తవ్వి, ధాన్యం పోసి, పైన మట్టితో మూసి ఉంచారు. గోడలకు తగిలే గింజలు మొలకెత్తి లోపలి ఆక్సిజన్‌ను వాడేసి కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. దాంతో మిగతా ధాన్యం నిద్రపోయినట్టు అలాగే ఉండి శీతాకాలం దాటింది. కరెంటు లేకుండా, మందు కొట్టకుండా. గుంటను చూసి ఊహించినంత మాత్రాన ఇది తెలిసేది కాదు.

అయితే గతంలో దొరికింది కదా అని దాన్ని ఈనాటికి మందుచీటీలా రాసివ్వకండి. పెరూలో టిటికాకా సరస్సు ఒడ్డున ఎత్తు మడులు, వాటి మధ్య కాలువలు ఉండేవి. పగలు కాలువ నీరు వేడిని పట్టి ఉంచి, రాత్రి మంచు నుంచి పైరును కాచేది. 1980లలో క్లార్క్ ఎరిక్సన్ హువాట్టా రైతులతో కలిసి వాటిని మళ్లీ కట్టి చూశారు, పంట బాగా పండింది. ఆ తర్వాత అభివృద్ధి సంస్థలు డబ్బిచ్చి చాలా చోట్ల కట్టించాయి. డబ్బు ఆగాక ఎక్కువ మడులు వదిలేశారు. కాలువలకు ఏటా కావాల్సిన శ్రమ, పొలాల పంపకం, ఇతర ఆదాయాలు, ఇవన్నీ ఈనాటి లెక్కలు. మీ నివేదికలో "అప్పుడు పనిచేసింది" అని రాస్తే, ఆ పక్కనే "ఎంతమంది చేతులతో" అని కూడా రాయండి.

ఈ పరిశోధన పద్ధతిని క్యాంపులోనే సాధన చేయొచ్చు. 1973లో అరిజోనా విశ్వవిద్యాలయంలో విలియం రాత్జీ విద్యార్థుల చేత టూసాన్ నగరంలోని ఇళ్ల చెత్తను పురావస్తువుల్లా వేరు చేయించి నమోదు చేయించారు. జనం ఇంత తాగుతాం, ఇంత పారేస్తాం అని చెప్పిన లెక్కకూ, డబ్బాలో దొరికిన లెక్కకూ పొంతన కుదరలేదు. తర్వాత చెత్త దిబ్బలనే తవ్వితే, దశాబ్దాల నాటి వార్తాపత్రికలు చదవగలిగే స్థితిలో బయటపడ్డాయి. గాలి ఆడని చోట ఏదీ త్వరగా కుళ్లదని అలా అందరికీ తెలిసింది. మీ క్యాంపులో కూడా వారం చెత్తను ఒక పరదా మీద పరిచి, రకాల వారీగా తూచి రాయండి. ముందు రోజు అందరినీ "మనం ఎన్ని ప్లాస్టిక్ సంచులు వాడి ఉంటాం?" అని అడిగి అంచనాలు తీసుకోండి. ఆ రెండు లెక్కల మధ్య తేడా కళ్ల ముందుంటే, సుస్థిరత గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

చూడటానికి వచ్చినవాళ్లతో

రెండో వారం నుంచే సందర్శకులతో మాట్లాడే వంతు అడిగి తీసుకోండి. చివరి రోజు దాకా ఆగితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

రెండు నిమిషాల మాట సిద్ధం చేసుకోండి. మనం ఎక్కడ నిలబడ్డామో చెప్పండి, ఒకే ఒక్క వస్తువును గానీ మట్టి గీతను గానీ చూపించండి, అది ఫలానాదని ఎలా అనుకుంటున్నారో చెప్పండి, ఇంకా తేలనిది ఏమిటో కూడా చెప్పి ఆగండి. ఆగడమే కష్టం. మౌనాన్ని నింపేయాలనిపిస్తుంది, నింపకండి. ఎదుటివాళ్ల ప్రశ్న ఆ మౌనంలోంచే వస్తుంది. "స్తరవిన్యాసం" లాంటి మాటలు వదిలేసి "పొరలు" అనండి, "కింద ఉన్నది మామూలుగా పాతది" అనండి. ముందుగా పక్క ట్రెంచ్ స్నేహితుడికి చెప్పి చూడండి, తర్వాత పురావస్తు శాస్త్రంతో సంబంధం లేని ఇంకెవరికైనా చెప్పండి.

ఎక్కడికెళ్లినా అడిగే ప్రశ్న ఒకటుంది: "బంగారం దొరికిందా?" దీనికి చిరాకు పడకండి. అడిగినవాళ్లకు ఆసక్తి ఉంది, దాన్ని ఎటు తిప్పాలన్నది మీ చేతిలో ఉంది. "దొరకలేదండీ. ఈ కుండపెంకు లోపల అంటుకున్న మాడు చూడండి, ఇందులో ఏం వండారో దీన్నిబట్టి తెలిసే వీలుంది" అని పెంకును దగ్గరగా చూపించండి. ఏ వస్తువుకైనా ఎంత ధర పలుకుతుందో మాత్రం ఎప్పుడూ చెప్పకండి. రాత్రిపూట దొంగతవ్వకాలకు ఆ మాట చాలు.

పిల్లలొస్తే కుండ మూతి పెంకు ఒకటి చేతికివ్వండి. అది ఏ పొరదో తెలియని, నమోదు అవసరం లేని పెంకై ఉండాలి. ఒకే కేంద్రం చుట్టూ వృత్తాలు గీసిన కాగితం మీద ఆ పెంకును తలకిందులుగా నిలబెట్టించండి. అంచుకూ కాగితానికీ మధ్య వెలుతురు కనిపించకుండా పెంకును వాల్చమని, తర్వాత దాని వంపు ఏ గీతతో కలుస్తుందో వెతకమని చెప్పండి. కలిసిన గీతే ఆ కుండ మూతి కొలత. రెండు వేళ్లంత ముక్క నుంచి మొత్తం కుండ మూతి వెడల్పు తేలినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. ఎలా తెలుసు అన్న ప్రశ్నకు జవాబు అప్పుడు వాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

మాటల ఎంపిక చిన్న విషయం కాదు. అమెరికాలోని కొలరాడోలో 1983లో మొదలైన క్రో కేన్యన్ పురావస్తు కేంద్రం బడిపిల్లలనూ మామూలు జనాన్నీ పరిశోధకుల పక్కన కూర్చోబెట్టి తవ్విస్తుంది. అక్కడి మేసా వెర్డే ప్రాంతాన్ని ప్యూబ్లో అనే మూలవాసీ ప్రజలు 13వ శతాబ్దం చివర విడిచి వెళ్లారు. 1276 నుంచి 1299 దాకా పెద్ద కరవు ఉన్నట్టు చెట్ల వలయాలు చెబుతాయి. "అదృశ్యమైపోయారు" అని రాసేవాళ్లు చాలాకాలం ఉన్నారు. వాళ్ల వారసులు మాత్రం, మేం ఎక్కడికీ పోలేదు, వలస వెళ్లాం, ఇదిగో ఉన్నాం అంటారు. ఆ కేంద్రం 2008 నుంచి ఆ వారసుల్లో ఒకరైన హోపీ తెగ రైతులతో కలిసి, వాళ్ల పద్ధతిలో లోతుగా విత్తి, దూరం దూరంగా మొక్కజొన్న పండిస్తూ, ఎంత వానకు ఎంత పండుతుందో లెక్క రాస్తోంది. జనంతో కలవడం, సుస్థిరత పరిశోధన రెండూ అక్కడ ఒకే చేనులో జరుగుతున్నాయి.

అందుకే చెప్పడంతో పాటు వినండి. ఆ నేల దున్నినవాళ్లకు వరద ఎంతవరకు వచ్చిందో, ఏ మూల మట్టి బయటి నుంచి తెచ్చి పోశారో తెలిసి ఉంటుంది. అది మీ పొరల లెక్కనే మార్చేయొచ్చు. సందర్శకుల ప్రశ్నలకూ, వాళ్లు చెప్పిన సంగతులకూ నోట్‌బుక్‌లో చివరి పేజీలు కేటాయించండి. పేర్లు వద్దు, మాటలు చాలు.

కొన్ని హద్దులు కచ్చితం. మనిషి అవశేషాలు బయటపడితే మాట్లాడటం ఆపి, కప్పి, పర్యవేక్షకుడిని పిలవండి. ఫోన్ బయటికి తీయకండి. చనిపోయినవాళ్ల పట్ల, వాళ్ల వారసుల కోరిక పట్ల గౌరవం ఉండాలని ప్రపంచ పురావస్తు మహాసభ 1989లో వెర్మిలియన్ ఒప్పందంలో స్పష్టంగా చెప్పింది. దొరికిన వస్తువుల ఫొటోలను అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి. పెట్టేవాటిలో కూడా లొకేషన్ తీసేయండి, వెనక కొండో గోపురమో కనిపించి చోటు గుర్తుపట్టేలా ఉండకూడదు. సందర్శకులను ట్రెంచ్ అంచుకు మీటరు దూరంలో తాడు కట్టి ఆపండి. అంచు విరిగితే మనిషికీ ప్రమాదం, పొరలు చూపించే గోడ (సెక్షన్) కూడా పోతుంది.

చివరి వారం

ట్రెంచ్‌ను పూడ్చడం మాన్పించుకోవాలని చూడకండి, అది కూడా శిక్షణే. అడుగున నీరు ఇంకే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, ఆపైన తీసిన మట్టినే నింపుతారు. రాబోయే తరాలవాళ్లు మళ్లీ తవ్వితే మనం ఎక్కడ ఆగామో ఆ గుడ్డ చూపిస్తుంది. మొత్తం తవ్వకుండా కొంత భాగం అలాగే వదిలేయడం కూడా అందుకే. మనకు లేని పరీక్షలు వాళ్లకు ఉండొచ్చు.

ఇంటికి బయల్దేరే ముందు రెండు కాగితాలు రాయండి. ఒకటి మీ చిన్న ప్రశ్నకు సంబంధించినది: ఎన్ని నమూనాలు, ఏ పొరలవి, ఎంత మట్టి, ఇప్పటికి ఏం కనిపించింది, ఇంకేం పరీక్షించాలి. దాన్ని నిర్వాహకులకు ఇవ్వండి. రెండోది ఒకే పేజీ, అక్కడి జనం భాషలో, అచ్చంగా వాళ్ల కోసం. మీ చివరి పేజీల్లో రాసుకున్న వాళ్ల ప్రశ్నలు తీసి, ఒక్కోదానికి జవాబు రాయండి. తేలనిదాన్ని తేలలేదని రాయండి. మీరు ముందు ఒకటి చెప్పి, తర్వాత అది వేరని తేలితే దాన్ని అన్నిటికంటే పైన రాయండి: "మూలనున్న నల్లమచ్చను పొయ్యి అన్నాం. సగం కోసి చూశాక అది కాలిన చెట్టు వేరని తేలింది." నిర్వాహకులకు చూపించి, ఊళ్లో నలుగురూ చదివే చోట అంటించండి. కింద సీజన్ తేదీ వేయండి, తర్వాతి బ్యాచ్ వాళ్లు అక్కడి నుంచి అందుకుంటారు.